చెప్పి చూపడం: పాత సినిమాల్లోని జాతి అవమానాల గురించి

(చెన్నై టి. నగర్‌లో తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, పెద్దలకు, పనులు మానుకుని వచ్చిన మిత్రులందరికీ నమస్కారం.

నేను ముప్పై ఏళ్ళకు పైగా వడపళని, సాలిగ్రామం ప్రాంతాల్లోని డబ్బింగ్ థియేటర్లలో మాటలు రాస్తూ గడిపినదాన్ని. ఇంగ్లీషు సినిమాలు, హిందీ సీరియళ్ళు, పిల్లల కార్టూన్లు తెలుగులోకి వచ్చేటప్పుడు పెదాల కదలికకు సరిపోయేలా మాట కుదర్చడం నా వృత్తి. ఒక జాతివారిని, ఒక రంగువారిని కించపరిచే దృశ్యాలూ మాటలూ పాత సినిమాల్లో, పాత టెలివిజన్ కార్యక్రమాల్లో ఉన్నప్పుడు వాటిని ఏం చెయ్యాలన్న విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. ఇది అమెరికావాళ్ళ గొడవ, మనకెందుకని ఒకరిద్దరు మిత్రులు ముందే అన్నారు. మనకెందుకో నా పనిలోంచే చెబుతాను.

1990లలో ఒక అమెరికన్ పోలీసు సినిమాకు మాటలు రాస్తున్నాను. ఇద్దరు పోలీసులు, ఒకరు తెల్లవాడు, ఒకరు నల్లవాడు. కారు దగ్గరికి రాగానే నల్లవాడు తాళాలు అడుగుతాడు, అంతే. "తాళాలు ఇటివ్వు" అన్న నా మాట అయిపోయాక కూడా అతని పెదాలు కదులుతూనే ఉన్నాయి. మేం లూపు అనే ఆ దృశ్యం ముక్క మళ్ళీ మళ్ళీ తిరుగుతోంది, థియేటర్ అద్దె నడుస్తోంది. "ఈ మసిమొహం నడుపుతుందిలే" అని చేర్చాను. సరిగ్గా కుదిరింది. కన్సోల్ దగ్గరున్నవాళ్ళు నవ్వారు, గొంతు ఇచ్చిన కళాకారుడు కూడా నవ్వాడు, టేకు ఓకే అయింది. మూల చిత్రంలో ఆ మనిషిని రంగు పేరెత్తి ఎవరూ ఏమీ అనలేదు. తెలుగులో మాత్రం అతను తనను తానే తిట్టుకున్నాడు. ఆ తిట్టు నాది.

మరోసారి ఇందుకు పూర్తిగా తిరగబడ్డ తప్పు చేశాను. బానిసత్వం నాటి కథ అది. తోట యజమాని ఒక నల్ల యువకుణ్ణి అతి నీచమైన మాటతో పిలుస్తాడు. ఆ మాట వినిపించడానికే ఆ దృశ్యం తీశారు. టీవీలో వేసేది కాబట్టి అలాంటి మాట వద్దన్నారు. "ఏయ్, నువ్వే" అని రాశాను. మరుక్షణం ఆ యువకుడి పిడికిలి బిగుస్తుంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. తెలుగులో చూసినవాళ్ళకు, ఏయ్ అన్నంత మాత్రానికే ఇంత కోపమా అనిపించి ఉంటుంది. అవమానాన్ని నేను తుడిచేసేసరికి అవమానించినవాడు పెద్దమనిషి అయిపోయాడు, అవమానపడ్డవాడు దుడుకువాడైపోయాడు.

లేనిది చేర్చినదీ నేనే, ఉన్నది తీసేసినదీ నేనే కాబట్టి ఈ విషయంలో నాకు ఒక అభిప్రాయం ఏర్పడింది. పాత బొమ్మను కొయ్యకూడదు, మార్చకూడదు, దాచేయకూడదు. అందులో ఏముందో, అది ఎవరిని ఎలా గాయపరిచిందో ముందుగా మన భాషలో విడమరిచి చెప్పాలి, ఆ తర్వాత చూపాలి. చెప్పినా అందుకోలేని వయసువాళ్ళ ముందు మాత్రం పెట్టకూడదు.

మనందరి ఇళ్ళలోనూ ఆడిన టామ్ అండ్ జెర్రీనే తీసుకుందాం. 1940లో వచ్చిన మొదటి బొమ్మలోనే ఆ ఇంట్లో ఒక నల్లజాతి స్త్రీ ఉంది. మనకు ఆమె మొహం కనిపించదు. లావుపాటి కాళ్ళు, జారిన మేజోళ్ళు, అరిగిన చెప్పులు, చేతిలో చీపురు, పిల్లిని గదమాయించే గొంతు, ఇవే ఆమె. ఇంటి యజమానురాలో పనిమనిషో మనం పట్టించుకోలేదు. అమెరికాలో చూసినవాళ్ళకు మాత్రం ఆ కాళ్ళు, ఆ యాస ఎవరివో తెలుసు. తెల్లవారి ఇళ్ళలో వంట చేసి, పిల్లల్ని సాకిన నల్లజాతి ఆయాలను మొహం కూడా లేని నవ్వులాటగా మార్చిన మూస అది. నల్లవారి హక్కుల కోసం 1909లో ఏర్పడిన ఎన్‌ఏఏసీపీ సంఘం దీనికి అభ్యంతరం చెప్పింది. 1952 తర్వాతి బొమ్మల్లో ఆమె లేదు. 1960లలో టెలివిజన్‌లో వెయ్యడానికి పాత బొమ్మల్లో కొన్నింటిని మళ్ళీ గీయించి, ఆమె చోట సన్నటి తెల్ల స్త్రీ కాళ్ళు పెట్టి, గొంతు కూడా మార్చేశారు. 1990లలో మరికొన్నింటికి బొమ్మను అలాగే ఉంచి, యాస తీసేసి, వేరే నటి చేత మళ్ళీ చెప్పించారు.

ఆ మొదటి గొంతు లిలియన్ రాండాల్ఫ్ అనే నల్లజాతి నటిది. మార్చిన బొమ్మలో అవమానం పోయింది, నిజమే. దానితో పాటు లిలియన్ రాండాల్ఫ్ కూడా పోయింది. ఆ కాలంలో నల్లజాతి నటికి దొరికే వేషాలే పనిమనిషి వేషాలు. ఉన్న ఆ కాస్త పనిలో ఆమె చూపిన చతురత, పిల్లి మీద విసుగులో కూడా వినిపించే లయ, ఇవి ఆమె సొత్తు. తెరమీద పేరు పడని గొంతులతో కలిసి బతుకంతా పనిచేసినదాన్ని కాబట్టి, ఒకరి గొంతు తీసి ఇంకొకరి గొంతు పెట్టి, ఇప్పుడు అంతా శుభ్రమైపోయిందంటే నా మనసు ఒప్పుకోదు. నల్లవారిని అవమానించినందుకు పరిహారంగా నల్ల స్త్రీనే ఇంట్లోంచి పంపించేశారు.

పోయిన ఏడాది వేసవి సెలవుల్లో ఏడేళ్ళ మా మనవడు నా పక్కన కూర్చుని ఆ కార్టూన్లే చూస్తున్నాడు. వాడికి మా నాన్నగారి ఛాయ వచ్చింది, నిగనిగలాడే నలుపు. తెరమీద బాంబు పేలింది, పొగ విడిపోయింది, టామ్ మొహం మసిబారి, పెదాలు దొప్పల్లా ఉబ్బి, నెత్తిమీద చిన్న చిన్న పిలకలు లేచాయి. వాడు నవ్వలేదు. "అమ్మమ్మా, మొహం నల్లగా అయితే ఎందుకు నవ్వొస్తుంది?" అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు, టీవీ కట్టేశాను. మర్నాడు పొద్దున్న ఇడ్లీ పెడుతూ చెప్పాను. చాలా ఏళ్ళ కిందట అమెరికాలో కొందరు తెల్లవాళ్ళు సీసా బిరడాలు కాల్చి, ఆ మసి మొహానికి పూసుకుని, పెదాలు లావుగా గీసుకుని, నల్లవాళ్ళలా నటిస్తూ వాళ్ళను వెక్కిరించేవారు, నాటకాల్లో మొదలైన ఆ వెక్కిరింతే సినిమాల్లోకీ, బొమ్మల్లోకీ వచ్చింది అని. మాటలు వినిపించిన మొదటి పెద్ద సినిమాగా పేరున్న 1927 నాటి ది జాజ్ సింగర్‌లోనూ కథానాయకుడు అలా మసి పూసుకునే పాడతాడు. అది మాత్రం వాడికి చెప్పలేదు. వాడు అంతా విని, "అయితే ఆ ముక్క తీసెయ్యచ్చు కదా?" అన్నాడు.

వాడి ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది.

తీసేస్తే ఏమవుతుందో 2020లో ప్రపంచం చూసింది. ఆ ఏడాది మే నెలలో మినియాపొలిస్‌లో పోలీసుల చేతుల్లో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయాక అమెరికా అంతటా నిరసనలు చెలరేగాయి. జూన్‌లో ఇంటర్నెట్‌లో సినిమాలు చూపే హెచ్‌బీఓ మాక్స్ సంస్థ 1939 నాటి గాన్ విత్ ద విండ్‌ను తన జాబితాలోంచి తాత్కాలికంగా తీసేసింది. బానిసత్వాన్ని అందమైన పాత రోజులుగా చూపిన సినిమా అది. యజమానుల ఇల్లు తగలబడితే ఏడ్చే ఆ సినిమా, ఆ ఇంటిని మోసిన బానిసల బతుకు గురించి ఏడవదు. తీసేసిన వెంటనే అది అమెజాన్ అమ్మకాల్లో పైకెక్కి కూర్చుంది. రెండు వారాల తర్వాత సినిమా తిరిగి వచ్చింది, ఒక్క ముక్క కూడా కొయ్యకుండా. అయితే ముందు నాలుగున్నర నిమిషాల మాట చేరింది. షికాగో విశ్వవిద్యాలయంలో సినిమా చరిత్ర బోధించే నల్లజాతి ఆచార్యురాలు జాక్వెలిన్ స్టూవర్ట్ తెరమీద కూర్చుని, ఈ సినిమా దేన్ని దాచిందో, నల్లజాతివారు దీన్ని అప్పట్లోనే ఎలా వ్యతిరేకించారో, ఇందులో నటించిన నల్లజాతి నటులు ఏం అనుభవించారో చెబుతుంది.

ఆ నటుల్లో హ్యాటీ మెక్‌డానియల్ ఉంది. 1939 డిసెంబరులో అట్లాంటాలో సినిమా తొలి ప్రదర్శనకు ఊరంతా పండగ చేసుకుంటే, అక్కడి వర్ణ విభజన చట్టాల వల్ల ఆమె రాలేకపోయింది. 1940 ఫిబ్రవరిలో ఆస్కార్ గెలిచిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆమే. ఆ రాత్రి లాస్ ఏంజెలెస్ హోటల్లో తోటి నటుల బల్ల దగ్గర ఆమెకు చోటు లేదు, గోడవారన వేసిన వేరే బల్ల దగ్గర కూర్చుని, పేరు పిలిస్తే అక్కడినుంచి లేచి వెళ్ళి బహుమతి తీసుకుంది. మన ఊళ్ళలో పెళ్ళి పందిట్లో ఎవరికి ఏ వరసలో విస్తరి వేసేవారో చూసి పెరిగిన మనకు ఆ వేరే బల్ల గురించి ఎవరూ వివరించనక్కర్లేదు. సినిమానే మాయం చేసి ఉంటే ఈ సంగతి చెప్పుకోవడానికి సందర్భం కూడా ఉండేది కాదు.

ఆ రోజుల్లో అంతే, అప్పుడు ఎవరికీ తప్పనిపించలేదు అని తేలిగ్గా అనేస్తుంటాం. ఈ మాట నిజం కాదు. 1915లో డి.డబ్ల్యు. గ్రిఫిత్ ద బర్త్ ఆఫ్ ఎ నేషన్ తీసినప్పుడు, ముసుగులు వేసుకుని నల్లవారిని వేటాడే కు క్లక్స్ క్లాన్‌ను అందులో వీరులుగా చూపించాడు. విడుదలైన ఏడాదే ఎన్‌ఏఏసీపీ ఊరూరా నిరసనలు చేసింది. ఆ ఏడాదే జార్జియాలోని స్టోన్ మౌంటెన్ మీద ఆ క్లాన్ మళ్ళీ పుట్టింది, ఆ సినిమానే ప్రచారానికి వాడుకుంది. దాని వల్ల ప్రాణాలకే ముప్పు వచ్చిందన్నమాట. అంతటి సినిమాను కూడా 1992లో అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం తన జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చి భద్రపరిచింది. భద్రపరచడం వేరు, దండ వెయ్యడం వేరు.

మనవాళ్ళు కూడా ఊరుకోలేదు. మైసూరు రాజ్యంలో పుట్టిన సాబు అనే కుర్రవాడు నటించిన ది డ్రమ్ అన్న బ్రిటిష్ సినిమా 1938లో బొంబాయికి వచ్చింది. అందులో ఇంగ్లీషువాళ్ళు ధీరులు, వాయవ్య సరిహద్దు జనం వంచకులు. జనం వీధికెక్కితే ఆ సినిమా ఆగిపోయింది. అవమానం ఎదురైనప్పుడు అవమానపడ్డవాళ్ళకు ఎప్పుడూ తెలుస్తుంది. వాళ్ళ మాట చెవినబెట్టనివాళ్ళే, అప్పుడు ఎవరూ ఏమీ అనలేదంటారు.

డిస్నీ దగ్గర రెండు దారులూ కనిపిస్తాయి. నల్లవారిని చూపిన తీరుకు విమర్శలు ఎదుర్కొన్న 1946 నాటి సాంగ్ ఆఫ్ ద సౌత్‌ను అమెరికాలో వీడియోగా ఎప్పుడూ విడుదల చెయ్యలేదు, ఇప్పటి స్ట్రీమింగ్‌లోనూ పెట్టలేదు. దానివల్ల అందులో నటించి 1948లో గౌరవ ఆస్కార్ పొందిన జేమ్స్ బాస్కెట్ పని కూడా తలుపు వెనకే ఉండిపోయింది. డంబో, పీటర్ పాన్ లాంటి పాత బొమ్మలకు మాత్రం 2020 అక్టోబరులో దాటవెయ్యడానికి వీల్లేని ప్రకటన ఒకటి ముందు చేర్చారు: ఇందులోని చిత్రణ అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే అని. మరుసటి ఏడాది చిన్నపిల్లల ఖాతాల్లోంచి వాటిని తప్పించారు కూడా. ఇందులో పిల్లల విషయంలో తీసుకున్న నిర్ణయం నాకు సరైనదనిపిస్తుంది. ఏడేళ్ళవాడు ప్రకటన చదవడు. వాడికి బొమ్మే నిజం.

అయితే అన్ని సినిమాలకూ ఒకటే అచ్చు ప్రకటన అంటిస్తే ఏమవుతుందో మనకు బాగా తెలుసు. 2012 నుంచి సినిమా హాల్లో పొగాకు హెచ్చరిక చూస్తున్నాం. ఆ దగ్గు వినిపించగానే సగం హాలు ఫోను తీస్తుంది, తెర మూలన వచ్చే అక్షరాలు కంటికి ఆనడం ఎప్పుడో మానేశాయి. జాతి అవమానం గురించిన మాట కూడా అలాంటి అక్షరాలుగా మారితే, అది ఆ సంస్థకు కవచం అవుతుందేమో గానీ చూసేవాడికి ఏమీ అందించదు. ఆ సినిమాలో, ఆ పాత్రలో, ఆ మాటలో ఏముందో పేరుపెట్టి చెప్పాలి.

చెప్పడానికి మాట వెతుక్కున్నప్పుడు తెలుగులో ఒక చిక్కు ఎదురవుతుంది. "జాతి వివక్ష" అని రాస్తాం. మన భాషలో జాతి అంటే దేశం, జాతి అంటే కులం, జాతి అంటే మేలుజాతి ఆవు. "వర్ణ వివక్ష" అంటే దక్షిణాఫ్రికా గుర్తొస్తుంది, అదే వర్ణం చాతుర్వర్ణ్యంలోనూ ఉంది. ఆంగ్లంలో ప్రకటన చదివినవాడికి ఒక చరిత్ర గుర్తొస్తుంది. దాన్ని మాటకు మాటగా తెలుగులో పెడితే గాలిలో తేలే నాలుగు పదాలు మిగులుతాయి. అందుకే నేను పెద్ద మాటలు మానేసి జరిగిన సంగతి రాస్తున్నాను. ఆ పాత టామ్ అండ్ జెర్రీకి నేను రాసుకున్నది చదువుతాను.

"ఈ బొమ్మలో కనిపించే పనిమనిషిని, అమెరికాలో నల్లజాతి స్త్రీలను వెక్కిరించడానికి అప్పట్లో వాడిన మూసలో గీశారు. మొహం చూపకపోవడం, యాసను నవ్వులాట చెయ్యడం ఆ వెక్కిరింతలో భాగం. నల్లజాతివారు ఆ రోజుల్లోనే దీనికి అభ్యంతరం చెప్పారు. ఆ పాత్రకు గొంతు ఇచ్చినది లిలియన్ రాండాల్ఫ్. బొమ్మను మార్చకుండా చూపుతున్నాం."

చదవడానికి అర నిమిషం కూడా పట్టదు. నాకు దీన్ని రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

ఇక మన ఇంటి సంగతికి వస్తాను. 1968 నాటి పడోసన్‌లో మెహమూద్ వేసిన మద్రాసీ సంగీతం మాస్టారు మీకందరికీ గుర్తే. పిలక, బొట్టు, వంకర హిందీ. మన్నా డే, కిశోర్ కుమార్ పాడిన "ఏక్ చతుర్ నార్" నాకు ఇప్పటికీ ప్రాణం, కానీ ఉత్తరాదిన ఉద్యోగం చేసిన మా అన్నయ్యను ఆఫీసులో ఏళ్ళ తరబడి ఆ గొంతుతోనే పిలిచారు. తెలుగువాడినని చెప్పినా వాళ్ళకు వింధ్యకు ఇవతలున్న వాళ్ళంతా మద్రాసీలే. ఈ చెన్నైలో మనల్ని "గొల్టి" అన్నప్పుడు చివుక్కుమన్న మనమే, మన సినిమాల్లో "అరవోడి" మీద హాస్యానికి పడిపడి నవ్వాం. ఇవన్నీ అమెరికా బానిసత్వంతో సమానమని నేను అనడం లేదు; ఇరుగుపొరుగు ఎగతాళికీ, మనుషుల్ని సంతలో అమ్మిన చరిత్రకూ మధ్య దూరం చాలా ఉంది. వెక్కిరింత వినేవాడికి ఎక్కడ తగులుతుందో తెలుసుకోవడానికి మాత్రం ఆ చివుక్కుమన్న జ్ఞాపకం పనికొస్తుంది.

అంతకన్నా బరువైనది మన జానపద చిత్రాల్లో ఉంది. ఈ ఊరి స్టూడియోల్లోనే తీసినవి. ఆకుల లంగాలు, ఎముకల దండలు, ఒంటినిండా నల్లరంగు పూసిన జూనియర్ కళాకారులు, నాయకుణ్ణి కట్టేసి చుట్టూ గెంతుతూ అర్థంలేని కూతలు. కోయదొర అని వాళ్ళకు పేరు కూడా పెట్టేవారు. కోయలు గోదావరి తీరాన ఉన్న నిజమైన మనుషులు, కోయ భాష మన భాషలాగే ద్రావిడ భాష, దానికి వ్యాకరణం ఉంది, పాటలున్నాయి. ఒక భాషను కూతగా చూపడం దాన్ని మాట్లాడేవాణ్ణి మనిషి కాకుండా చెయ్యడమే. మాటల రచయితగా నాకు ఇది అన్నిటికన్నా పెద్ద తప్పుగా తోస్తుంది. సెన్సారు బోర్డుకు 1991లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, జాతులనూ మతాలనూ ఇతర సమూహాలనూ కించపరిచే దృశ్యాలు, మాటలు ఉండకూడదని స్పష్టంగా ఉంది. ఆ తర్వాత కూడా నల్లపిల్లను పెళ్ళిచూపుల్లో చూసి నాయకుడు పరుగెత్తే హాస్యం ఆగలేదు, ఆఫ్రికా మనిషి అంటే మత్తుమందు అమ్మేవాడే అన్న మూస ఆగలేదు. 2016 జనవరి చివర బెంగళూరు శివార్లలో ఒక ఆఫ్రికన్ విద్యార్థి కారు ఢీకొని ఒక మహిళ చనిపోతే, ఆ దారిన వచ్చిన మరో దేశపు విద్యార్థిని మీద, ఆ ప్రమాదంతో ఏ సంబంధమూ లేని టాంజానియా అమ్మాయి మీద, గుంపు దాడి చేసింది. సినిమాల వల్లే జరిగిందని అనను. ఇద్దరూ ఒకటేనని ఆ గుంపు ఎందుకనుకుందో మాత్రం ఆలోచించక తప్పదు.

ఇవన్నీ ఉన్నాయి కాబట్టే కొందరు యువ మిత్రులు, ఆ రీళ్ళను పారేస్తే పోయేదేముంది అంటారు. వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. కానీ పారేయడం అంటే ఏమిటో ఈ ఊరికి తెలిసినంతగా ఇంకో ఊరికి తెలియదు. మచిలీపట్నం నుంచి వచ్చి ఇక్కడ ఫోటో స్టూడియో నడిపి, గెయిటీ థియేటర్ కట్టిన రఘుపతి వెంకయ్యగారి కుమారుడు ప్రకాశ్ 1921లో తీసిన భీష్మ ప్రతిజ్ఞ ఇవాళ లేదు. దక్షిణాది మూకీలు దాదాపు అన్నీ పోయాయి. ఫిల్ము కాలిపోయింది, కుళ్ళిపోయింది, వెండి కోసం కరిగించారు. వాటిలో ఎవరిని ఎలా చూపారో, ఎవరిని చూపనే లేదో తెలుసుకునే దారి మూసుకుపోయింది. రేపు ఒక కోయ అమ్మాయి పరిశోధకురాలై, మావాళ్ళను మీరు తెరమీద ఏం చేశారో చూపించండి అని అడిగితే, కోసేసిన రీలు ఆమె చేతిలో పెట్టి మేం ఎప్పుడూ మంచివాళ్ళమే అని చెప్పలేం కదా. ఆమెకు మొత్తం రీలు ఉండాలి. ముందుమాట రాయాల్సినది కూడా ఆమే. నాలాంటివాళ్ళు పక్కన కూర్చుని కామాలు సరిచెయ్యాలి.

మా మనవడికి చివరికి ఇదే చెప్పాను. ఆ ముక్క తీసేస్తే, ఎవరో నీలాంటివాళ్ళను చూసి నవ్వారన్న సంగతికి సాక్ష్యం ఉండదు నాన్నా, నువ్వు పెద్దయ్యాక ఇద్దరం కలిసి చూద్దాం, ఇప్పుడు వద్దు అని. వాడికి అంత నచ్చలేదు. ఎన్నేళ్ళకు పెద్దయినట్టు అని అడిగాడు, పన్నెండు అన్నాను, గోడమీద ఎత్తు కొలిచే గీతల పక్కన ఆ అంకె రాసుకున్నాడు.

ఒక్క మనవి చేసి ముగిస్తాను. నేను చెప్పిన ఆ పోలీసు సినిమా డబ్బింగ్ స్క్రిప్టు మా ఇంటి అటక మీద దొరికింది. నీలం సిరాతో నా చేతిరాత, మసిమొహం అన్న మాట, దాని పక్కన టేకు ఓకే అన్న టిక్కు. దాన్ని కొట్టెయ్యలేదు. మార్జిన్‌లో ఎర్ర సిరాతో "మూలంలో లేదు, నేను చేర్చాను" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాను. ఈ సభలో డబ్బింగ్‌లో పనిచేసినవారు, వారి పిల్లలు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. మీ ఇళ్ళలో అలాంటి స్క్రిప్టులు, క్యాసెట్లు ఉంటే పాతసామాన్లవాడికి వెయ్యకండి. నాకు కబురు చేస్తే వచ్చి తీసుకుంటాను, అచ్చు తీసి మీవి మీకు తిరిగి ఇస్తాను. సభ అయ్యాక కూడా కాసేపు ఇక్కడే ఉంటాను.